మీరడిగారు, మేం చెప్తున్నాం: వార్ధా సేఠ్ జమ్నాలాల్ బజాజ్ సంగతులు

ప్రశ్న: మా టౌన్‌లో మొన్న వ్యాపారస్తులకి సన్మానం జరిగింది, ప్రతి ఒక్కర్నీ "అపర జమ్నాలాల్ బజాజ్" అని పొగిడారు. నాకు బజాజ్ అంటే స్కూటరే తెలుసు. ఈయనెవరండీ?

జవాబు: ఆ బజాజ్ కుటుంబానికి మూలపురుషుడే, కాకపోతే స్కూటర్ల దాకా ఆయన లేరు, 1942లోనే పోయారు. పుట్టింది 1889లో రాజస్థాన్‌లోని సీకర్ దగ్గర ఓ పల్లెటూళ్ళో. చిన్నప్పుడే ఇప్పటి మహారాష్ట్రలోని వార్ధాలో ఉండే బచ్ఛరాజ్ అనే సేఠ్‌కి మనవడిగా దత్తత వెళ్ళారు. వార్ధా అప్పట్లో పత్తి వ్యాపారం తప్ప పెద్దగా పేరులేని ఊరు. 17 ఏళ్ళ వయసులో ఏదో పెళ్ళికి వెళ్తూ నగలు పెట్టుకోమని తాత అంటే ఈయన వద్దన్నారు, మాటా మాటా పెరిగింది, "మీ ఆస్తిలో నాకు చిల్లిగవ్వ వద్దు" అన్నట్టు ఒక ఉత్తరం రాసిపెట్టి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు కుర్రాడు. తాత బతిమాలి వెనక్కి తెచ్చుకున్నారనుకోండి, కానీ ఆ తర్వాత కూడా ఆ ఆస్తి తనది కాదు, తన చేతిలో ఉందంతే అన్న లెక్కలోనే ఉన్నారట. గాంధీగారి ధర్మకర్తృత్వం, అదే ట్రస్టీషిప్, అంటే డబ్బున్నవాడు దానికి యజమాని కాదు, జనం తరఫున చూసుకునేవాడు అన్న మాట, దాని గురించి మనవాళ్ళు ఉపన్యాసాలు దంచుతారు గానీ దాన్ని దాదాపు చేసి చూపించినాయన ఈయనే అని గాంధీగారే ఒప్పుకున్నారు.

ప్రశ్న: డబ్బున్నోళ్ళు దానం చేస్తే గొప్పేముంది సార్, పేరు కోసమే కదా. మీరు కూడా ఊరికే మోసేస్తారు.

జవాబు: కోపంగా రాశారు గానీ ప్రశ్నలో న్యాయం ఉంది. ఊళ్ళో గుడికో బడికో చందా ఇస్తే ఇచ్చినాయనకి పరపతి పెరుగుతుంది, గల్లాపెట్టె కూడా కళకళలాడుతుంది, అందులో తప్పేం లేదు గానీ దాన్ని త్యాగం అనక్కర్లేదు. నేనైతే ఇంకోటి చూస్తాను, ఆ పనివల్ల ఆయనకి తన సొంతవాళ్ళలో పరపతి తగ్గిందా అని. వార్ధాలో వాళ్ళ కుటుంబమే కట్టించిన లక్ష్మీనారాయణ గుడి ఉంది, 1928లో ఆ గుడి తలుపులు దళితులకి తెరిపించారు. ఇప్పుడు చదివితే ఒక లైను, అంతే. ఆ రోజుల్లో అది సొంత కులంవాళ్ళతో, బంధువులతో, రోజూ సరుకు కొనే అమ్మే పెద్దమనుషులతో తగువు పెట్టుకోవడం, చిన్న ఊళ్ళో వ్యాపారికి అంతకంటే నష్టం ఇంకేముంటుంది? ట్రస్టీలని ఒప్పించి మరీ చేయించారు. ఇంకా ఆయన పొలాల్లో బావులు కూడా అందరికీ వదిలేశారు.

బిరుదు సంగతి కూడా చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళు రాయ్ బహదూర్ ఇచ్చారు, సహాయ నిరాకరణ టైంలో 1921లో వెనక్కి ఇచ్చేశారు. 1923లో నాగపూర్ జెండా సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు, ఉప్పు సత్యాగ్రహంలో మళ్ళీ వెళ్ళారు. చాలా ఏళ్ళు కాంగ్రెస్ కోశాధికారి ఆయనే, అంటే అందరి డబ్బుకీ లెక్క చెప్పాల్సిన ఉద్యోగం, జీతం లేదు, నిందలు మాత్రం ఫ్రీ. పేరు కోసమే చేసేవాడైతే ఆ బహదూర్‌ని పట్టుకునే కూర్చునేవాడు కదండీ.

ప్రశ్న: గాంధీగారు గుజరాత్ వదిలి వార్ధాకి ఎందుకొచ్చినట్టు? బజాజ్ గారు పిలిచారనేనా?

జవాబు: సగం అదే. 1920 నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సమయంలో "నన్ను మీ ఐదో కొడుకు అనుకోండి" అని ఈయన అడిగారు, గాంధీగారికి అప్పటికే నలుగురు కొడుకులు. ముందు గాంధీగారి శిష్యుడు వినోబా భావే వచ్చారు, 1921లో, వార్ధాలో ఆశ్రమం నడపడానికి. ఇక 1930లో దండికి బయల్దేరేటప్పుడు స్వరాజ్యం వచ్చేదాకా సబర్మతి ఆశ్రమానికి తిరిగి రానని గాంధీగారు అనేశారు కదా, మరి ఎక్కడుండాలి? ఈయన తన తోట, ఇల్లు ఇచ్చేశారు, దానికే మగన్‌వాడి అని పేరు, 1934లో గ్రామ పరిశ్రమల సంఘం అక్కడే పెట్టారు. 1936లో గాంధీగారు పక్కనున్న సేగావ్ పల్లెకి మారారు, ఆ ఊళ్ళో భూమి ఎక్కువ భాగం బజాజ్‌దే. ఆ ఊరికే 1940లో సేవాగ్రామ్ అని పేరు మార్చారు, ఎందుకో తెలుసా, షేగావ్ అని ఇంకో ఊరుండటంతో ఉత్తరాలు అటు పోయేవట! పెద్ద ఆదర్శమేదో ఉంటుందనుకుంటాం, తీరా చూస్తే పోస్టాఫీసు గొడవ.

ప్రశ్న: ఇలా అన్నీ పంచిపెడితే ఇంట్లో ఆడవాళ్ళ గతేంటి? వాళ్ళని ఎవరైనా అడిగారా?

జవాబు: అమ్మా, ఇది అడిగినందుకు థ్యాంక్స్, ఇలాంటి జీవిత కథల్లో ఈ పేజీ ఎప్పుడూ ఖాళీయే. భార్య జానకీదేవి చిన్నప్పుడే పెళ్ళై వచ్చి పరదాలో పెరిగినావిడ. తర్వాత బంగారం వదిలేశారు, పరదా తీసేశారు, విదేశీ బట్టలు తగలబెట్టారు, జైలుకి కూడా వెళ్ళారు. భర్త పోయాక ఇంట్లో కూర్చోలేదు, గోసేవ పని, భూమున్నవాళ్ళని అడిగి లేనివాళ్ళకి పంచే వినోబా భూదానం పని చేశారు, 1956లో పద్మవిభూషణ్ వచ్చింది. మొదట్లో ఆవిడకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే.

ప్రశ్న: మన తెలుగోళ్ళలో ఇలాంటి వ్యాపారస్తులు లేరా?

జవాబు: ఎందుకు లేరు, కాకినాడ వెళ్తే మల్లాడి సత్యలింగ నాయకర్ గారి పేరు వినపడకుండా ఉండదు. రంగూన్ వెళ్ళి బాగా సంపాదించి, ఆస్తిని ధర్మకార్యాలకి చెందేలా వీలునామా రాశారు, ఎంఎస్ఎన్ ఛారిటీస్ అదే. బజాజ్‌ది బతికుండగానే ఇచ్చే పద్ధతి, ఈయనది పోయాక కూడా నడిచే పద్ధతి. నన్ను ఒకటి ఎంచుకోమంటే మొదటిదే అంటాను, ఎవరైనా తిట్టినా దగ్గరుండి వినాలి కాబట్టి. కాకపోతే కాగితం లేని దానం మనిషితోపాటే పోతుందన్నది కూడా నిజమే, అందుకని రెండూ చేసుకోవడం మేలు.

ప్రశ్న: నాది చిన్న హోల్‌సేల్ షాపు. లాభంలో కొంత సేవకి పెడదామనుకుంటున్నా. సీఎస్ఆర్ రూల్స్ నాకు వర్తిస్తాయా?

జవాబు: వర్తించవు. సీఎస్ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత, అది 2013 కంపెనీల చట్టం, కంపెనీలకి మాత్రమే, అవి కూడా 500 కోట్ల నెట్‌వర్త్ లేదా 1000 కోట్ల టర్నోవర్ లేదా 5 కోట్ల నికర లాభం ఉన్నవాటికి, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలని. మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు. విరాళానికి పన్ను మినహాయింపు కావాలంటే నగదుగా 2000 రూపాయలు దాటి ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారానే పంపండి, పైగా మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపు ఎలాగూ రాదు. షాపు ఖాతాలోంచి సేవకి, సేవ ఖాతాలోంచి షాపుకి డబ్బు అటూ ఇటూ తిప్పడం మాత్రం మొదటి రోజు నుంచే మానేయండి, వేరే ఖాతా తెరవండి, పుస్తకం మీ అబ్బాయికో అమ్మాయికో అప్పజెప్పండి, సంవత్సరానికోసారి లెక్క తీసి ఇచ్చినవాళ్ళకి చూపించండి.