ఎలుకలు మళ్లీ మళ్లీ వస్తుంటే: ముందు కన్నాలు, తర్వాత బోను

‘బోను పెట్టాను, మందు బిళ్లలు పెట్టాను, కొన్నాళ్లు కనపడలేదు, మళ్లీ వచ్చాయి. ఇంతకన్నా గట్టి మందు ఏదైనా ఉందా?’ అని అడిగారు.

గట్టి మందులు ఉన్నాయి. అవి ఇంట్లో ఎందుకు పెట్టకూడదో కింద చెప్తాను. మీ ఇంటికి కావలసింది టార్చిలైటు, కాస్త సిమెంటు, ఇనుప జాలీ. ఒక ఎలుక చస్తే ఆ చోటు ఖాళీ అవుతుంది, అది వచ్చిన దారి తెరిచే ఉంటుంది, బయటున్న ఇంకోటి అదే దారిన వస్తుంది. ఆడ ఎలుక గర్భం మోసేది మూడు వారాలే. ఈనిన ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చూలు కట్టగలదు. చంపుకుంటూ పోతే ఈ లెక్క ఎప్పటికీ తెగదు.

ముందు వచ్చేది ఏ ఎలుకో తేల్చుకోండి. పెంటికలు చూస్తే తెలిసిపోతుంది. 3 నుంచి 6 మిల్లీమీటర్లుంటే చిట్టెలుక. 12 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పెద్ద ఎలుక. వాటి కొసలు మొద్దుగా ఉంటే నేలలో బొరియ చేసుకునే గోధుమరంగు ఎలుక, సన్నగా కోసుగా ఉంటే పైకప్పు మీదుగా వచ్చే నల్ల ఎలుక. మొదటిది తూములు, గోడ అడుగులు, గుమ్మం కింద నుంచి వస్తుంది. రెండోది కొమ్మలు, కేబుళ్లు, పైపులు పట్టుకుని పైనుంచి దిగుతుంది. చాలామంది నేల మీదే వెతికి, అటక వైపు తల కూడా ఎత్తరు.

చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిలు దూరితే అదీ దూరుతుంది. పెద్ద ఎలుకకు 12 చాలు. తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే. కాబట్టి ‘ఇంత చిన్న సందులోంచి ఎలా వస్తుందిలే’ అని దేన్నీ వదలొద్దు. గోడ వెంట నల్లగా జిడ్డు చార ఉంటే అది రోజూ నడిచే బాట. అనుమానమున్న చోట రాత్రి పలచగా పిండో పౌడరో చల్లితే పొద్దునకు అడుగులు పడతాయి. కన్నం వాడకంలో ఉందో లేదో చూడాలంటే ఉండ చుట్టిన కాగితం వదులుగా కుక్కండి. ఉంటే తెల్లారేసరికి అది బయటికి వచ్చి పడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది వంటింటి సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోటు. ప్లంబరు సుత్తి, ఉలి పెట్టి పైపుకి రెండింతల కన్నం కొడతాడు, పైపు దూరుస్తాడు, మీద గుండ్రటి మూత జరిపేసి వెళ్లిపోతాడు. ముందు నుంచి చూస్తే శుభ్రంగా కనపడుతుంది. ఆ మూత వెనక్కి లాగి చూడండి, చుట్టూ చెయ్యి పట్టేంత ఖాళీ. ఇల్లు అప్పగించేటప్పుడు గోడల రంగు చూస్తారు, టైల్సు చూస్తారు, ఈ మూత ఎత్తి ఎవరూ చూడరు. పని చేయించే మేస్త్రీ అక్కడే నిలబడి ఈ ఒక్క కన్నం పూడ్పిస్తే సగం ఇళ్లకి ఎలుకల బాధే ఉండదని నా గట్టి నమ్మకం.

పూడ్చే పద్ధతి ఇది. వదులుగా ఉన్న పెళ్లలు, దుమ్ము తీసేసి కన్నం అంచులు తడపండి. స్టెయిన్‌లెస్ స్టీలు పీచో రాగి జాలీయో పైపు చుట్టూ బిగించి 3, 4 సెంటీమీటర్ల లోతు కుక్కండి. వేలితో లాగితే ఊడి రాకూడదు. దాని మీద ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపిన మాలు గట్టిగా అదమండి. మామూలు ఇనుప పీచు వాడితే తడికి తుప్పు పట్టి పొడి అయిపోతుంది. పీయూ ఫోమ్ (డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే నురుగు) ఒక్కటే కొడితే ఒక్క రాత్రిలో కొరికేస్తుంది, జాలీ వెనక నింపుడుకు తప్ప అది పనికిరాదు. మాలు ఒక్కటే పూసినా, ఆరకముందే గోకి తీసేస్తుంది. అందుకే ఈ పని పొద్దున్నే మొదలుపెట్టి, ఆ రాత్రికి పైన రేకు ముక్క అడ్డం పెట్టాలి. ఏసీ పైపులాగా అదిరే పైపుల చుట్టూ సిమెంటు పగులుతుంది. అక్కడ జాలీ కుక్కి మీద సీలెంట్ వేయండి.

బాత్రూం తూము జాలీకి స్క్రూలు ఉన్నాయా చూడండి. స్క్రూ లేని జాలీని ఎలుక కింద నుంచి తలతో ఎత్తేస్తుంది. ట్రాపులో, అంటే తూము కింది వంపులో, నిలిచే నీళ్లు వాసనను ఆపుతాయి గానీ ఎలుకను ఆపవు, అది మునిగి ఈదగలదు. టాయిలెట్లోంచి కూడా వస్తుంటే బయటి చాంబర్ దగ్గర పైపుకు స్టీలు ఫ్లాప్ వాల్వ్ (బయటి వైపుకే తెరుచుకునే మూత) పెట్టించాలి. దాన్ని అప్పుడప్పుడూ కడక్కపోతే చెత్త అడ్డం పడి మురుగు వెనక్కి తంతుంది. చాంబర్ మూత పగిలి ఉంటే ముందు అది మార్చండి.

తలుపు కింద సందు 6 మిల్లీమీటర్లకన్నా తక్కువే ఉండాలి. ఒట్టి రబ్బరు పట్టీ వేస్తే మూల దగ్గర కొరుకుతుంది, లోహపు పట్టీ వేయించండి. చెక్క తలుపు అడుగు ఇప్పటికే కొరికి ఉంటే 20 సెంటీమీటర్ల ఎత్తున రేకు కొట్టాలి. కిటికీలకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు నైలాన్ దోమతెర సరిపోదు, 6 మిల్లీమీటర్లకు మించని గళ్ల ఇనుప జాలీ కావాలి. చెట్టు కొమ్మలు కప్పుకు కనీసం 1.2 మీటర్ల దూరంలో ఉండేలా కొట్టించండి.

కన్నాలు మూసిన రాత్రే బోన్లు పెట్టాలి, లేకపోతే లోపల చిక్కుకున్నవి కొత్త దారి కొరుక్కుంటాయి. స్ప్రింగు బోను గోడకు అడ్డంగా, మేత ఉన్న కొస గోడకు ఆనేలా పెట్టండి. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే భయం. మూడు నాలుగు రాత్రులు బిగించకుండా మేత మాత్రం పెట్టి, తినడం అలవాటయ్యాక అన్నీ ఒకేసారి బిగించండి. ఒకటి రెండు కాదు, ఆరైనా ఉండాలి. మేతను దారంతో కట్టకపోతే ఎత్తుకుపోతుంది.

ఇక మందు సంగతి. బ్రోమడియోలోన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే విషం) బిళ్ల తిన్న ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా అది గోడ సందుల్లోకో అటక మూలకో పోయి చస్తే ఆ వాసన వారాల తరబడి వదలదు. దాన్ని తిన్న పిల్లికి, గుడ్లగూబకు కూడా విషం ఎక్కుతుంది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు అవుతుంది, దానికి విరుగుడు లేదు. పసుపు భాస్వరం ఉన్న పేస్టు అన్నిటికన్నా భయంకరం. మింగిన మనిషి మొదటి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనపడి, తర్వాత కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. దానికీ విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లో ఆ ట్యూబు ఉంచడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. పొరపాటున ఎవరైనా ఏ ఎలుకల మందు మింగినా, లక్షణాల కోసం చూడకుండా ప్యాకెట్టుతో సహా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. ఏ మందో తెలిస్తేనే వైద్యం సరిగ్గా సాగుతుంది. బ్రోమడియోలోన్ అయితే విటమిన్ కె1 ఇస్తారు.

మనకు వినపడని శబ్దంతో ఎలుకల్ని తరుముతాయని అమ్మే అల్ట్రాసౌండ్ ప్లగ్గులు కొనొద్దు. అమెరికాలో మోసపు ప్రకటనల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే ఇవి తయారుచేసి అమ్మే 60కి పైగా సంస్థలకు, మీరు చెప్పుకునే గొప్పలకు శాస్త్రీయ ఆధారం చూపాలని హెచ్చరిక లేఖలు పంపింది. అయినా ఇంకా అమ్ముతూనే ఉన్నారు, ఆశ కొద్దీ జనం కొంటూనే ఉన్నారు. నాఫ్తలీన్ ఉండల వల్ల ఎలుకలకన్నా ఇంట్లో వాళ్లకే హాని. పిల్లి చిట్టెలుకల్ని పడుతుంది గానీ బాగా ఎదిగిన పెద్ద ఎలుక జోలికి తరచుగా పోదు.

పెంటికలు ఉన్న చోట పొడి చీపురుతో ఊడవకండి, దుమ్ములో రోగాలు లేస్తాయి. గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి, ఒక పాలు బ్లీచుకు పది పాళ్లు నీళ్లు కలిపి తడపండి. ఐదు నిమిషాలు నాననిచ్చి కాగితంతో ఎత్తి పారేయండి. మూసిన కన్నాలన్నీ నెల తర్వాత ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి టార్చి వేసి చూడండి. సిమెంటు అంచున కొత్తగా పంటిగీట్లు కనపడితే అక్కడ మాలు తవ్వేసి జాలీ ఇంకాస్త దట్టంగా కుక్కి మళ్లీ పూయించండి.