కడపలో ఇంటి బిట్‌కాయిన్ నోడ్: కరెంటు పోయొస్తే కనెక్షన్లు 10 దాటడం లేదు, ఎందుకు?

10 అంటే నోడ్ (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో భాగంగా నడిచే మీ కంప్యూటర్) బాగానే ఉన్నట్టు. అవి మీ నోడ్ బయటికి పెట్టుకునేవి: 8 మామూలువి, 2 బ్లాకులకు (లావాదేవీల కట్టలకు) మాత్రమే. ఆగింది బయటి నోడ్లు మీ నోడ్‌కు కనెక్ట్ అవ్వడం.

కరెంటు పోయొచ్చాక రౌటర్ మీ మెషీన్‌కు కొత్త లోకల్ ఐపీ ఇచ్చి ఉంటుంది, 192.168.1.5 కాస్తా 192.168.1.9 అయిందనుకోండి, 8333 పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను రౌటర్ మీ నోడ్‌కు పంపే సెట్టింగ్) ఇంకా పాత ఐపీ వైపే చూస్తుంటుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే సెట్టింగ్‌లో మీ మెషీన్ మ్యాక్ అడ్రస్‌కు (దాని నెట్‌వర్క్ గుర్తింపు నంబరుకు) ఒకే ఐపీ కట్టేయండి.

అయినా రాకపోతే రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన ఐపీ) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాట్, అంటే కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోందన్నమాట, ఫార్వర్డింగ్‌తో పని జరగదు. స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) కొనడం కన్నా టార్ (ఐపీ బయటపెట్టకుండా కనెక్షన్లు కలిపే నెట్‌వర్క్) పెట్టుకోవడం మేలు. దానికి పోర్టే తెరవక్కర్లేదు.

రౌటర్‌కొక చిన్న యూపీఎస్ సరే, ముందు నోడ్‌కు పెట్టండి. ఉన్నట్టుండి ఆగితే డేటాబేస్ పాడై రీఇండెక్స్ (డేటాబేస్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టడం) పడొచ్చు.