అదే వీధి, అవే గుద్దులు

ప్రశ్న: చిన్నప్పుడు టిఫిన్ డబ్బులు మిగుల్చుకుని వీడియో గేమ్ షాపులో ముస్తఫా ఆడేవాణ్ణి. మొన్న మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4 ఆడుతుంటే చూశాను. బొమ్మలు బాగున్నాయి గానీ అదే నడక, అదే కొట్టుడు. ఇన్నేళ్లలో కొత్తగా ఏమీ కనిపెట్టలేదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పెద్దగా ఏమీ లేదండీ, నన్నడిగితే అదే మంచిదైంది. మనం ముస్తఫా అని పిలుచుకున్న ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ అనే కంపెనీ తెచ్చింది. అందులో నలుగురు హీరోలుంటే పసుపు టోపీ ముస్తఫా ఒకడు, మిగతావాళ్ల కంటే చురుకు, అందుకే షాపులో వాడి కోసం కొట్లాటలు. అప్పటికే ఈ ఆటల పద్ధతంతా ఖాయమైపోయింది, 1987లో డబుల్ డ్రాగన్‌తో సగం, 1989లో అదే క్యాప్‌కామ్ వాళ్ల ఫైనల్ ఫైట్‌తో మిగతా సగం.

కొట్టడానికి ఒక బటన్, ఎగరడానికి ఒకటి. రెండూ కలిపి నొక్కితే అది స్పెషల్ దెబ్బ, చుట్టూ మూగినవాళ్లు ఎగిరిపడతారు, మన లైఫ్ కూడా కొంత కరుగుతుంది. గుర్తుందా? అది కాయిన్లు మింగే మిషన్ కదా, ఇరుక్కుపోయినవాడికి బయటపడే దారి చూపించి దానికీ వసూలు చేసేది. మనమేమో ఆ దెబ్బని దాచుకుని దాచుకుని, వాడకుండానే చచ్చేవాళ్లం.

అసలు సంగతి నడకలో ఉంది. ఇందులో కుడి ఎడమలకే కాదు, తెర మీద పైకీ కిందికీ కూడా జరగొచ్చు, కానీ గుద్దు తగలాలంటే మీరూ రౌడీ దాదాపు ఒకే వరుసలో ఉండాలి. ఆట తెలిసినవాడు ఎదురుగా వెళ్లడు, కాస్త పైకో కిందికో జరిగి ఏటవాలుగా వచ్చి ఒకణ్ణి పట్టుకుంటాడు, వాణ్ణే తీసి మిగతా గుంపు మీదకి విసిరేస్తాడు. రెండువైపులా కమ్ముకోనివ్వకుండా అందరినీ ఒకే పక్కకి తెచ్చుకోవడమే ఆటంతా. తొంభైల చివర్లో అందరూ త్రీడీ వెంట పడ్డప్పుడు ఈ రకం ఆటల్ని కూడా అందులోకి లాగారు, దాంతో ఆ వరుస పోయింది, వెనక ఎవడున్నాడో కనపడక ఆడేవాడికి చిరాకు మిగిలింది.

స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ మూడో భాగం 1994లో వస్తే నాలుగోది 2020లో, అంటే మధ్యలో 26 ఏళ్లు. నాలుగోది చేసినవాళ్లు ఆ వరుస జోలికి పోలేదు, వసూళ్ల లెక్క మాత్రం మార్చారు. స్పెషల్ కొడితే పోయిన లైఫ్ పచ్చరంగులో అలాగే ఆగుతుంది, దెబ్బ తినకుండా ఎదుటివాళ్లని బాదుతూ పోతే మళ్లీ మనదవుతుంది, ఈలోపు ఒక్క దెబ్బ తగిలిందా, పోయినట్టే. మీ అబ్బాయి ఆ బటన్ ఎంత ధైర్యంగా నొక్కుతున్నాడో ఈసారి గమనించండి. అన్నట్టు, నేల మీద పడున్న చికెన్ తింటే లైఫ్ పెరగడం ఇందులోనూ ఉంది, దాన్ని తీసేసి ఉంటే నేనే గొడవ చేసేవాణ్ణి.

ప్రశ్న: పాము గేమ్ నోకియా వాళ్లే కనిపెట్టారని మా అన్నయ్య వాదన. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాదమ్మా. 1976లోనే అమెరికాలో గ్రెమ్లిన్ అనే కంపెనీ బ్లాకేడ్ అని ఒక ఆర్కేడ్ గేమ్ (కాయిన్ వేసి ఆడేది) తెచ్చింది, పాము ఆట మూలం అందులోనే ఉంది, ఇద్దరు ఆడాలి, ఎవరు కదిలితే వాళ్ల వెనక గోడ లేస్తూ పోతుంది, గోడకి ముందు గుద్దుకున్నవాడు ఓడినట్టు. నోకియాలో తనెలి అర్మాంటో అనే ఇంజనీరు 6110 ఫోన్ కోసం పామును తయారుచేసింది 1997లో. మీ అన్నయ్య ఊరుకోకపోతే, దాన్ని ప్రపంచమంతా ఆడించింది మాత్రం నోకియానే అని ఒప్పుకోండి. టచ్ ఫోన్లో దొరికే పాములు నాకైతే ఎక్కవు, 2, 4, 6, 8 మీద బొటనవేలు పెట్టి ఆడితేనే మలుపు అనుకున్న చోట తిరుగుతుంది.