మా నాన్న షుగరు మాత్రలు ఎందుకు మానేశారంటే

పేరున్న పాడ్‌కాస్టర్ల మాటలకి జనం నిజంగా మారిపోతారా అని ఒకరు నన్ను అడిగారు. మారిపోతారు. మా ఇంట్లోనే చూశాను.

నాన్న తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగరు. పోయిన దసరాకి ఇంటికి వెళ్తే మనిషి బాగా చిక్కిపోయి ఉన్నారు. చెప్పు కరిచిన బొటనవేలు మూడు వారాలైనా మానలేదు. పండక్కి పట్టుపంచె తీద్దామని అమ్మ బీరువా తెరిస్తే, పంచెల కింద ఆయన షుగరు మాత్రలు, మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పులు నాలుగు దొరికాయి. ఒక్క మాత్ర కూడా చించలేదు.

నిలదీస్తే ఫోన్ తెచ్చి చూపించారు. తెలుగు పాడ్‌కాస్ట్, రెండు గంటల నలభై నిమిషాలు. వచ్చినాయన డాక్టరు కాదు. షుగరు అసలు జబ్బే కాదని, మాత్రలే కిడ్నీలు తినేస్తాయని, అవి మానేసి నలభై రోజులు కాకరకాయ రసం తాగమని చెప్తున్నాడు. ఎదురుగా కూర్చున్న కుర్రాడు "అమ్మో, ఇది మాకెవరూ చెప్పలేదండీ" అంటాడే తప్ప ఒక్క ప్రశ్న వేయడు. జవాబు కరెక్టయినా స్టెప్పులు రాయకపోతే మార్కులు కోసేసిన మనిషి మా నాన్న. ఆయనే నాతో అన్నారు: "అబద్ధం చెప్పేవాడు అంతసేపు తడుముకోకుండా మాట్లాడగలడా తల్లీ?"

మర్నాడు పరగడుపున చూపిస్తే షుగరు 318. కొన్నాళ్లు ఇన్సులిన్ పెట్టారు. వేలు దక్కింది, అంతే చాలు.

నా లెక్కలో అసలు మందు ఆ "అంతసేపు" అన్న మాటలోనే ఉంది. ఆసుపత్రిలో టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చుంటే డాక్టరుగారు తలెత్తకుండా మూడు నిమిషాల్లో చీటీ రాసి పంపిస్తారు. పాడ్‌కాస్ట్ అతను మాత్రం రోజూ చెవిలో కూర్చుని ఇంటి మనిషిలా మాట్లాడతాడు. ఎవరిని నమ్ముతారు?

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో పేరున్న పాడ్‌కాస్టర్ జో రోగన్ 2021 ఏప్రిల్‌లో ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకి కోవిడ్ టీకా అక్కర్లేదన్నట్టు మాట్లాడాడు. గొడవయ్యాక నేను డాక్టర్ని కాదుగా అన్నాడు. ఆ డిసెంబరులోనే కోవిడ్ టీకాలని తప్పుపట్టే డాక్టరు రాబర్ట్ మలోన్‌ని కూర్చోబెట్టి టీకాల మీద మళ్లీ గంటల తరబడి మాట్లాడించాడు. 2022 జనవరిలో 270 మంది డాక్టర్లు, శాస్త్రవేత్తలు, అధ్యాపకులు తప్పుడు సమాచారాన్ని అడ్డుకోమని, ఆ పాడ్‌కాస్ట్ వినిపించే స్పాటిఫై యాప్‌కి బహిరంగ లేఖ రాశారు. గాయకుడు నీల్ యంగ్ నిరసనగా అందులోంచి తన పాటలే తీయించేసుకున్నాడు. ఇంత జరిగినా స్పాటిఫై తన నియమాలు బయటపెట్టి, కోవిడ్ ఎపిసోడ్లకి ఒక సూచన తగిలిస్తామంది. నాన్న చూసిన వీడియోలోనూ "వైద్యుణ్ని సంప్రదించండి" అని ఉంది. రెండు సెకన్లు, చీమతలకాయంత అక్షరాలు. అద్దాలు పెట్టుకున్నా ఆయనకి కనపడవు.

వాటిని ముక్కలు కోసి రీల్స్ చేసేవాళ్ల మీద నాకు ఇంకా కోపం. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ కాకరకాయ ముక్క నలభై సెకన్లది నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్లలో ఇద్దరు ఇంజనీర్లు. చదువుకోనివాళ్లే నమ్ముతారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నాన్న ఇప్పుడు మాత్రలు అమ్మ ఎదురుగానే వేసుకుంటున్నారు. వినడం మాత్రం మానలేదు. మొన్న ఫోన్ చేసి థైరాయిడ్ మీద ఇంకో వీడియో చెప్పారు, అమ్మకి పనికొస్తుందేమో చూడమని. అమ్మ మాత్రల జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పి, లింక్ పంపించమన్నాను. గంటా యాభై నిమిషాలు ఉంది. ఈ రాత్రి కూర్చుని మొత్తం వింటాను.