గేదె అడ్డొచ్చిందని రాయక్కర్లేదు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. పోయిన ఆదివారం విజయవాడ నుంచి వస్తూ బెంజి సర్కిల్ దాటి వారధి వైపు వెళ్తుంటే ముందు కారు బ్రేక్ వేసింది, నేను చూసుకోక వెనక నుంచి గుద్దేశాను. తప్పు నాదే. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వాళ్ల డిక్కీ నొక్కుకుపోయింది, మా బంపర్, బానెట్, ఒక హెడ్‌లైట్ పోయాయి. ఆ కారాయన తనకు 20 వేలు ఇస్తానని నన్ను కాగితం మీద రాసివ్వమంటున్నాడు. మా బావమరిదేమో తప్పు మనదైతే ఇన్సూరెన్స్ రాదు, గేదె అడ్డొచ్చిందని రాయమంటున్నాడు. కారు కొని మూడున్నరేళ్లయింది, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, జీరో డిప్ (సామాను పాతబడిందని తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ గేదెను పక్కకు తోలేయండి. ఫుల్ ఇన్సూరెన్స్‌లో మీ బండి నష్టం భరించే భాగం తప్పెవరిదని చూడదు. తాగి నడిపారా, లైసెన్సు ఉందా, పాలసీ నడుస్తోందా, ఇవి చూస్తుంది. తప్పు మనదైతే రాదనే మాట ఎక్కడ పుట్టిందో గానీ దాన్ని నమ్మి అబద్ధం రాసి, వచ్చే క్లెయిమ్‌ను చేజేతులా పోగొట్టుకునేవాళ్లున్నారు. మీ బంపర్‌కి ఎదుటి కారు ఎర్ర రంగో తెల్ల రంగో అంటుకుని ఉంటే, ఆ రంగు గేదె ఎక్కడిదని నష్టం చూడటానికి కంపెనీ తరఫున వచ్చే సర్వేయర్ అడగడా?

ఇక ఆ కాగితం. రాసివ్వకండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, డబ్బిస్తానని మాటివ్వడం గానీ చేయకూడదని మీ పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఆయన తన సొంత పాలసీలో బాగుచేయించుకోవచ్చు, లేదా మీ పాలసీలో ఎదుటివాళ్ల నష్టం భరించే భాగం, అంటే థర్డ్ పార్టీ కవర్ మీద యాక్సిడెంట్ క్లెయిమ్‌ల ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది, ప్రీమియం తగ్గుతుందని 6 వేలకు కుదించుకుని ఉంటే తప్ప. డిక్కీ కోసం ట్రిబ్యునల్ చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది, అందుకే అందరూ రోడ్డు మీదే తేల్చుకుంటారు. అలా ఇచ్చింది మీ జేబులోంచి పోయినట్టే, తర్వాత కంపెనీ ఇస్తుందని అనుకోకండి. ఇవ్వాలనే నిర్ణయించుకుంటే ముందు కంపెనీకి చెప్పి, ఆయన షెడ్డు ఎస్టిమేట్ చూసి, ఇకపై ఏ బాకీ లేదని కారు నంబరుతో సహా ఆయన చేత సంతకం పెట్టించుకున్నాకే ఇవ్వండి. ఎవరికైనా చిన్న గాయమైనా అయ్యుంటే మాత్రం ఈ బేరాలేవీ వద్దు, ముందు ఆసుపత్రి, తర్వాత పోలీసు స్టేషన్ అనేవాణ్ణి.

అసలు క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది లెక్క చూసి తేల్చుకోవాలి. బంపర్ 6 వేలు, బానెట్ 9, హెడ్‌లైట్ 8, టింకరింగ్ లేబర్ 6, పెయింటింగ్ 8, జీఎస్టీ పక్కన పెడితే 37 వేలు అనుకుందాం. సామాను పాతబడిందని కంపెనీ కోసే తరుగు ప్లాస్టిక్ మీద 50 శాతం, మీ కారు వయసుకి ఇనుము మీద 25 శాతం, పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా తీసుకుని అందులో సగం కోత. లేబర్‌కి కోత లేదు. పైన 1500 సీసీ లోపు బండికి తప్పనిసరిగా మీరే భరించాల్సిన 1,000. అంటే కంపెనీ ఇచ్చేది 25,750, మీ చేతి నుంచి 11,250. జీరో డిప్ ఉంటే ఈ తరుగు బాధ ఉండేది కాదు.

ఎటొచ్చీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు పోతుంది. ఇప్పుడు మీకు 35 ఉండాలి, వచ్చే రెన్యువల్‌కి 45 శాతం రావాల్సింది సున్నా అవుతుంది. మీ సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8 వేలైతే ఆ ఒక్క ఏడాదే 3,600 నష్టం. మళ్లీ 20, 25, 35, 45 అని మెట్లెక్కి 50కి చేరేదాకా పోయేదంతా కలిపినా 9,600. కాబట్టి మీరు క్లెయిమ్ చేయండి. ఒట్టి బంపర్ గీతలైతే నేనైతే ఆటోనగర్‌లో సొంత డబ్బుతో చేయించుకుని బోనస్ కాపాడుకునేవాణ్ణి.

ఇప్పటికే ఆలస్యమైంది, ఈ రోజే కంపెనీకి ఫోన్ చేయండి. సర్వేయర్ చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వద్దు. రేడియేటర్ కారుతోందేమో చూడండి, కారుతుంటే బండి తోయించుకెళ్లండి గానీ స్టార్ట్ చేయొద్దు. వేడెక్కి ఇంజిన్ పట్టేస్తే ఆ ఖర్చు యాక్సిడెంట్ కింద రాదు. కంపెనీతో ఒప్పందమున్న షెడ్డైతే మీ వాటా కట్టి బండి తెచ్చుకోవచ్చు. మీకు తెలిసిన మెకానిక్ దగ్గరైతే మొత్తం మీరే కట్టి, జీఎస్టీ బిల్లులు పెట్టి తర్వాత రాబట్టుకోవాలి. బానెట్ విప్పాక లోపల ఇంకేదైనా విరిగిందని తేలితే మార్చకముందే సర్వేయర్‌కి చూపించండి. పాత హెడ్‌లైట్, బంపర్ అక్కడే ఉంచమనండి, మళ్లీ చూస్తామని అడగొచ్చు. షెడ్డువాళ్లు "సార్, ఎడమ డోర్ మీద పాత గీత కూడా ఇందులో కలిపేద్దాం" అంటారు చూడండి, అది మాత్రం వద్దనండి.