ల్యాప్‌టాప్ ఆగిపోయాకే బాగా వాయించారు

ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్లు ఛాంబర్ సంగీతాన్ని, అంటే నలుగురైదుగురు కూర్చుని ఒకరినొకరు వింటూ వాయించే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని, వాడుకోవడం ప్రేమతోనా, హోదా కోసమా అన్నది ప్రశ్న. నన్నడిగితే నూటికి తొంభై మంది హోదా కోసమే. వాళ్లకు కావాల్సింది సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) మోత, నల్లబట్టలు, కొవ్వొత్తులు. వాయించే నలుగురూ ఒకరినొకరు వినడం మాత్రం అక్కర్లేదు.

జర్మనీలో చదువుకునేటప్పుడు ఒక పాత చర్చిలో ఇలాంటి కచేరీకి వెళ్లాను. మధ్యలో ల్యాప్‌టాప్‌తో ఒకాయన, చుట్టూ స్ట్రింగ్ క్వార్టెట్, అంటే రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక సెల్లో. నలుగురి చెవుల్లోనూ తాళం కొట్టే ఇయర్‌ఫోన్లు. ఎవరి కాగితం వాళ్లు చూసుకుని వాయిస్తున్నారు, పక్కవాళ్లతో పనే లేదు. సగంలో ల్యాప్‌టాప్ ఆగిపోయింది. ఆయన టెన్షన్‌తో మీటలు టకటకా నొక్కుతున్నాడు. మొదటి వయొలిన్ ఆవిడ ఇయర్‌ఫోన్ పీకేసి సెల్లో అతని వంక చూసింది. అతను తల ఊపి, అదే వరసను ఇంకాస్త నెమ్మదిగా ఎత్తుకున్నాడు. మిగతా ఇద్దరూ అతని కమాను చూస్తూ కలిశారు. మన కచేరీల్లో గాయకుడి సంగతి పట్టుకుని మృదంగం ఆయన ముక్తాయింపు వేస్తాడే, ఆ రకం చూపులు. అప్పటిదాకా వీడియో తీస్తూ నాకు అడ్డొచ్చిన పెద్దమనిషి కూడా ఫోన్ దించాడు. కాసేపటికి ల్యాప్‌టాప్ లేచింది, ఇయర్‌ఫోన్లు మళ్లీ చెవుల్లోకి వెళ్లాయి. నా టికెట్ డబ్బులు ఆ మధ్య ముక్కకే చెల్లాయి.

యంత్రాన్ని తిట్టడం లేదు. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ రచనలతో 'స్విచ్డ్-ఆన్ బాఖ్' ఆల్బమ్ చేసినప్పుడు మూగ్ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. ఒక్కో వరసా విడిగా వాయించి టేపు మీద పేర్చాల్సి వచ్చింది. అందుకే అందులోని మూడో బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టోలో ఏ వరస దేనికి జవాబిస్తోందో అంత విడివిడిగా వినిపిస్తుంది.

అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ నెమ్మదిగా సాగే రచన 'అడాజియో'కు మాత్రం జరిగింది అన్యాయమే. అది 1936 నాటి స్ట్రింగ్ క్వార్టెట్‌లో రెండో భాగం. ఆయనే దాన్ని ఆర్కెస్ట్రాకు పెంచాడు, ఎలక్ట్రానిక్ సంగీతకారుడు విలియం ఆర్బిట్ సింథసైజర్‌కెక్కించాడు, 2005లో డీజే టియెస్టో దానికి దడదడలాడే డ్రమ్ తగిలించి సింగిల్‌గా వదిలాడు. అది టియెస్టో సొంత ట్యూనేనని మా రూమ్మేట్ ఇప్పటికీ వాదిస్తాడు. మన సినిమావాళ్లూ తక్కువేం తినలేదు, ఏడుపు సీన్ రాగానే కీబోర్డులో 'స్ట్రింగ్స్' బటన్ నొక్కేస్తారు. ఇక నిద్ర పట్టించే పియానో ప్లేలిస్టుల సంగతి ఎత్తితే తెల్లారిపోతుంది.