నికెల్ ప్లాటినంతో పోటీ పడుతోందంటే ముందు అనుమానించు

తమ్ముడూ,

కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసే పనిలో నీ నికెల్ నానోకణాలు వారం తిరిగేసరికి ప్లాటినానికి దగ్గరగా వచ్చేశాయని రాశావు. సంతోషమే. కానీ ఎదురు ఎలక్ట్రోడ్‌గా, అంటే కరెంటు దారి పూర్తవడానికి అటువైపు ముంచే కడ్డీగా, ఏం పెట్టావో రాయలేదు. ప్లాటినం తీగేనా? అయితే ఇప్పుడే ఎవరికీ చెప్పకు.

నేనూ ఇలాగే బోల్తాపడ్డాను. రోజురోజుకీ కరెంటు పెరుగుతుంటే మురిసిపోయి గైడుకి గ్రాఫులు కూడా చూపించేశాను. తీరా చూస్తే, అటువైపు ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి ఇటొచ్చి నా నికెల్ మీద పేరుకుంటోంది. పని దానిది, పేరు నాది! గ్రాఫైట్ కడ్డీ పెట్టి కొత్త నమూనాతో మళ్లీ కొలిస్తే మిగిలింది అంతంత మాత్రమే.

ఇక ఉత్ప్రేరకం డిజైన్ సంగతి. లోహం హైడ్రోజన్‌ని మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు, మరీ వదులుగా పట్టుకుంటే అసలు నిలవదు, ప్లాటినం ఈ రెంటికీ మధ్యలో ఉంది కాబట్టే దానికంత గిరాకీ. అయితే క్షార ద్రావణంలో ముందు నీటి అణువును విడగొట్టాలి, అక్కడ ప్లాటినం కూడా బాగా నెమ్మదిస్తుంది. 2011లో ప్లాటినం మీద నికెల్ హైడ్రాక్సైడ్ గుంపులు చేర్చి దాని వేగం పెంచి చూపించారు: నికెల్ హైడ్రాక్సైడ్ నీటిని విడగొడుతుంది, ప్లాటినం హైడ్రోజన్ సంగతి చూసుకుంటుంది. నువ్వూ ఒక్క లోహాన్నే నమ్ముకోకు, నికెల్‌కి మాలిబ్డినం కలిపి చూడు.

సైజు గురించి మరీ టెన్షన్ పడకు. 2 నానోమీటర్ల కణంలో సుమారు సగం పరమాణువులు పైనే ఉంటాయి, నిజమే, కానీ వాటి చుట్టూ, తయారీలో వాడిన ఒలైల్ఎమీన్ అనే జిడ్డు రసాయనం దుప్పటిలా కప్పుకుని ఉంటే ఆ ఉపరితలం ఉన్నా లేనట్టే. కడగడానికి బద్ధకించకు. అలాగని వేడిచేసి వదిలించబోతే కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి, అందుకే ముందే కార్బన్ మీద పరిచి, తర్వాత మెల్లగా వేడిచెయ్యి. అన్నట్టు, ఫ్లాస్కులో తిప్పే అయస్కాంతం నల్లగా మారిందేమో చూశావా? నికెల్ దానికే అంటుకుపోతుంది, నా దిగుబడిలో చాలావరకు అలాగే పోయింది.

కొలిచేటప్పుడు కరెంటు గీత రంపంలా పళ్లుపళ్లుగా వస్తే అది బుడగల పని. ఎలక్ట్రోడ్‌ని తిప్పే వేగం పెంచు.

గ్రాఫైట్‌తో కొలిచాక, చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీఆంపియర్లు రావడానికి ఎన్ని మిల్లీవోల్టులు అదనంగా ఇవ్వాల్సి వచ్చిందో రాయి. పాత అంకె కంటే ఘోరంగా ఉన్నా సరే, అదే పంపు.